తడి పోచా, తడి బూటు

లక్డీకాపూల్ హైదరాబాదు నడిబొడ్డున ఉంది. లక్డీ అంటే కట్టె. పుల్ అంటే వంతెన. కట్టె వంతెన పేరే ఆ చోటికి పేరయింది. ఇప్పుడు అక్కడ కట్టె వంతెన లేదు. కింద పట్టాల మీద రైలు పోతుంది. పైన 2018 నుంచి మెట్రో రైలు పోతున్నది. చుట్టూ ఆఫీసులు, ఆసుపత్రులు, హోటళ్లు.

పొద్దున ఆరు గంటలకే ఆ ఆఫీసుల్లో పని మొదలవుతుంది. ఊడ్చేది, పోచా కొట్టేది, బాత్‌రూములు కడిగేది ఎక్కువగా ఆడవాళ్లే. సార్లు, మేడములు వచ్చేసరికి నేల అద్దంలా మెరుస్తుంది. అందరూ నేలను చూస్తారు. తుడిచినవాళ్ల కాళ్లను ఎవరు చూస్తారు?

అలాంటి ఒకామె గురించే ఈ పాఠం. ఆమె పేరుతో మనకు పని లేదు. పక్కింటి అక్క ఆమెను "చెల్లె" అని పిలుస్తుంది. మనమూ అలాగే పిలుద్దాం.

చెల్లెకు ముప్పై అయిదేళ్లు. ఒక ఆఫీసులో మూడో అంతస్తు పోచా పని ఆమెది. పనికి కుదిరినప్పుడు కంపెనీ వాళ్లు ఒక జత బట్ట బూట్లు ఇచ్చారు. రెండు జతల నైలాన్ సాక్సులు ఇచ్చారు. "చెప్పులతో రావద్దు. బూట్లే వేసుకోవాలి" అన్నారు. అంతవరకు చెల్లె ఎప్పుడూ బూటు తొడగలేదు. మొదటి రోజు మురిసిపోయింది కూడా.

సాయంత్రం ఏడు గంటలకు చెల్లె బస్తీలో చదువుల కేంద్రానికి వెళ్లేది. వాకిట్లో చెప్పులు విడవాలి. లోపల జంపఖానా మీద అందరూ ఆనుకుని కూర్చుంటారు. గది చిన్నది. కిటికీ ఒకటే. చెల్లెకు అక్షరాలు వచ్చాయి. ఒత్తులు కూడా వచ్చాయి. బస్సు మీది బోర్డు చదివి ఎక్కడం నేర్చుకుంది.

ఉన్నట్టుండి చెల్లె రావడం మానేసింది. ఒక రోజు, రెండు రోజులు కాదు. ఆరు రోజులు రాలేదు.

ఆయా పని చేసే పక్కింటి అక్క చెల్లె ఇంటికి వెళ్లింది.

"ఏమ్మా, చదువుకు వస్తలేవు?"

"పని ఎక్కువున్నది అక్కా."

"పని నాకు లేదా? నిజం చెప్పు."

చెల్లె తల వంచుకుంది. కాళ్లు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. కాసేపటికి చెప్పింది. పోయిన వారం కేంద్రంలో ఒక పెద్దామె ముక్కు మూసుకుంది. "ఏందో కంపు గొడ్తున్నది" అంది. అందరూ అటూ ఇటూ చూశారు. ఆ కంపు తన కాళ్లదే అని చెల్లెకు తెలుసు. పలక పట్టుకుని కూర్చుంది గాని ఆ రోజు ఒక్క అక్షరం కూడా కంటికి ఆనలేదు.

"నేను మురికిదాన్ని కాదు అక్కా. దినానికి మూడు మాట్ల కాళ్లు కడుగుతున్న. సబ్బు అరిగిపోతున్నది గాని వాసన పోతలేదు."

అక్క ఆమె కాళ్లు చూసింది. కుడికాలి వేళ్ల దగ్గర చర్మం ఎర్రగా కాలినట్టు ఉంది. అదేమిటని అడిగింది. చెల్లె చెప్పడానికి సిగ్గుపడింది. నేల తుడవగా బక్కెట్లో మిగిలిన ఫినాయిల్ నీళ్లలో ఆమె కాళ్లు పెట్టింది. బాత్‌రూము కంపు పోగొట్టేది కాళ్ల కంపు పోగొట్టదా అనుకుంది.

ఈ పని మాత్రం ఎవరూ చేయకండి. ఫినాయిల్, బ్లీచింగ్ పొడి, కిరోసిన్ చర్మాన్ని కాలుస్తాయి. కాలిన చర్మం పగులుతుంది. ఆ పగుళ్లలోంచి క్రిములు లోపలికి పోతాయి. బ్లేడుతో అరికాలు గీకడం కూడా అంతే.

అక్క ఆమెను ఒక మాట అడిగింది.

"నీ పోచా పనైనంక ఏం చేస్తవు?"

"పిండి, డాబా మీద ఎండలో ఆరేస్త."

"ఆరెయ్యకుండ బక్కెట్ల పెట్టి మూత పెడితే?"

"అబ్బో! తెల్లారి దగ్గరికి పోలేం. ఒకసారి కొత్త పిల్ల అట్లనే చేసింది. బాగ తిట్టిన."

"మరి నీ బూట్లు ఎక్కడున్నయ్?"

చెల్లె మంచం కిందికి చూసింది. బూట్లు ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. సంచి మూతి ముడి వేసి ఉంది. ఇంట్లో వాసన రాకుండా ఆమె రోజూ అలాగే పెడుతుంది. లోపల సాక్సులు కూడా ఉన్నాయి. మధ్యాహ్నం తడిసినవి రాత్రికి కూడా తడిగానే ఉన్నాయి.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

చెమట ఎందుకు పడుతుంది? ఒంటికి వేడి ఎక్కితే చెమట పడుతుంది. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. మన చర్మంలో చెమట పుట్టించే చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. ఒళ్లంతా కలిపి సుమారు 20 లక్షల నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో అవి చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. భయపడినా, కంగారుపడినా అరచేతులు, అరికాళ్లు తడుస్తాయి. అది అందరికీ ఉన్నదే.

తాజా చెమటకు వాసన దాదాపు ఉండదు. మరి కంపు ఎక్కడిది? మన చర్మం మీద కంటికి కనపడని క్రిములు ఉంటాయి. ఎంత శుభ్రంగా ఉన్నవాళ్లకైనా ఉంటాయి. చర్మం తడిగా, వెచ్చగా, గాలి లేకుండా ఉంటే అవి పెరుగుతాయి. నానిన చర్మపు పొట్టును, చెమటలో ఉన్నవాటిని తింటాయి. అప్పుడు పుల్లటి, కుళ్లిన వాసన పుడుతుంది. చెప్పుల్లో కాలికి గాలి తగులుతుంది, చెమట ఆరిపోతుంది. బూటులో ఆరదు. నైలాన్ సాక్సు చెమటను పీల్చదు. దాంతో కాలు పొద్దంతా నీళ్లలో నానినట్టే ఉంటుంది. పైగా పోచా నీళ్లు బూటు మీద పడతాయి. వానాకాలంలో లక్డీకాపూల్ రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలోంచే నడిచి రావాలి.

చెల్లె కాళ్లు కడగడంలో లోటు లేదు. ఆరబెట్టడంలోనే లోటు. మూడుసార్లు కడిగి, తుడవకుండా, తడి కాళ్లనే తడి బూట్లలో పెట్టింది. ఎక్కువ కడిగినందుకు తడి ఇంకా పెరిగింది.

ఆ రాత్రే పని మొదలుపెట్టారు. బూట్లు సంచిలోంచి తీశారు. లోపలి అట్ట, అంటే అడుగున పరిచిన మెత్త, ఊడదీశారు. బూట్ల నిండా పాత పేపరు ఉండలు కుక్కారు. పేపరు తడి పీల్చుకుంటుంది. తెల్లారి ఆ పేపర్లు తీసి చూస్తే చేతికి చెమ్మ తగిలింది. తడిసిన బూటు ఒక్క రాత్రిలో ఆరదు. ఒక రోజంతా ఆరాలి, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అందుకే రెండు జతలు ఉంటే మంచిది. ఒకటి తొడిగిన రోజు ఇంకొకటి ఎండలో ఉంటుంది. కాని రెండో జత కొనాలంటే డబ్బు కావాలి. ఆ సంగతి తరువాత వస్తుంది.

ఆదివారం ఇద్దరూ అబిడ్స్ వెళ్లారు. ఆదివారం అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. చెల్లె ఒక పిల్లల బొమ్మల పుస్తకం ముందు ఆగిపోయింది. అట్ట మీది పేరు కూడబలుక్కుని చదివింది. అక్క ఆమెను చేయి పట్టి లాక్కుపోయింది. నూలు సాక్సులు మూడు జతలు కొన్నారు. నూలు సాక్సు చెమట పీలుస్తుంది. అయితే పీల్చిన సాక్సు తడిగా ఉంటుంది కదా. దాన్ని మార్చకపోతే నూలుదైనా ఒకటే, నైలానుదైనా ఒకటే. అందుకని చెల్లె పనికి పోయేటప్పుడు ఒక జత తొడుక్కుని, ఒక జత సంచిలో పెట్టుకుంటుంది. పది గంటలకు చాయ్ తాగేటప్పుడు బూట్లు విప్పుతుంది. కాళ్లు పాత నూలు బట్టతో తుడుచుకుంటుంది. ముఖ్యంగా వేళ్ల సందులు. అయిదు నిమిషాలు గాలికి ఉంచి పొడి సాక్సులు తొడుగుతుంది. మొదటి రోజు తోటివాళ్లు నవ్వారు. "మేడం కాళ్లకు గాలి పోసుకుంటున్నది" అన్నారు. వారం తిరిగేసరికి వాళ్లలో ఇద్దరు బూట్లు విప్పి పక్కన కూర్చున్నారు.

కాలి తుడుపు బట్ట ఎవరిది వాళ్లకు వేరుగా ఉండాలి. రోజూ ఉతికి ఎండలో వేయాలి. సాక్సులు లోపలి వైపు పైకి తిప్పి ఉతకాలి. పొట్టు, చెమట ఉండేది లోపలే.

పౌడరు మంచిదా? పొడి కాలికి మంచిదే. తడి కాలికి చల్లితే ముద్దవుతుంది. ఆ ముద్ద వేళ్ల సందుల్లో నానుతుంది. పసుపు రాసుకునేవాళ్లు రాసుకోవచ్చు గాని దానితో చెమట ఆగదు.

వగరు ఉన్న వాటితో కొంత మేలు ఉంటుంది. కరక్కాయ, తంగేడు చెక్క, చాయ్‌పత్తి అన్నీ వగరువే. బతుకమ్మలో మనం పేర్చే పువ్వు తంగేడు. ఆ చెట్టు చెక్కతోనే పూర్వం తోళ్లు పదును చేసేవారు. వగరు తోలును బిగిస్తుంది. అరికాలి చర్మాన్ని కూడా కొద్దిగా బిగిస్తుంది, చెమట కొంత తగ్గుతుంది. ఇంట్లో అందరికీ దొరికేది చాయ్‌పత్తి. అర లీటరు నీళ్లలో రెండు చెంచాల చాయ్‌పత్తి వేసి పావుగంట మరిగించాలి. పాలు, చక్కెర వద్దు! వడగట్టి, చల్లనీళ్లు కలిపి, గోరువెచ్చగా అయ్యాక పాదాలు ఇరవై నిమిషాలు ఉంచాలి. తరువాత బాగా తుడుచుకోవాలి. వారం పది రోజులు చేస్తే తేడా తెలుస్తుంది. కాళ్లు కాస్త గోధుమ రంగుకు తిరుగుతాయి, భయపడవద్దు. పటిక నీళ్లు రాసుకునేవాళ్లు కూడా ఉన్నారు. మంగలి గడ్డం గీశాక రాసే పటికే అది. పగుళ్లు, పుండ్లు ఉంటే ఇవేవీ వద్దు. మండుతాయి.

షుగరు జబ్బు ఉన్నవాళ్లు కాళ్లు నానబెట్టకూడదు. వాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నీళ్లు కాలుతున్నా తెలియదు. చిన్న పుండు పెద్దదవుతుంది. వాళ్లు రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. కంటికి ఆనకపోతే ఇంట్లో ఇంకొకరు చూడాలి.

చెల్లె మూడు వారాలు ఇవన్నీ చేసింది. వాసన చాలా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ముంగాలు కింద, మడమ మీద చిన్న చిన్న గుంతలు కనిపించాయి. అట్టు పోస్తే పైన చిల్లులు పడతాయి చూడండి, అలా ఉన్నాయి. నీళ్లలో తడిస్తే ఆ చిల్లులు తెల్లగా తేలుతాయి.

అక్క ఆమెను బస్తీ దవాఖానకు తీసుకుపోయింది. 2018 నుంచి హైదరాబాదు బస్తీల్లో ఈ దవాఖానలు పెట్టారు. చూపించుకోవడానికి డబ్బు ఇవ్వనక్కర లేదు. డాక్టరమ్మ చెల్లె పాదాలు రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది. చెల్లెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కాళ్లు ముట్టుకోకమ్మా, వాసన" అంది.

"వాసనతోనే కదా రోగం తెలిసేది" అంది డాక్టరమ్మ.

ఆ గుంతలు కూడా క్రిముల పనే. తడిలో పెరిగి చర్మం పై పొరను తినేస్తాయి. పూత మందు రాసి, కాలు పొడిగా ఉంచితే కొన్ని వారాల్లో పోతుంది. డాక్టరమ్మ మందు రాసింది. ఇంకొక మాట గట్టిగా చెప్పింది. మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చుకోవద్దు. కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాయగానే దురద తగ్గుతుంది, రోగం పోయిందనిపిస్తుంది. లోపల మాత్రం తామర లాంటివి ఇంకా పాకుతాయి. వేళ్ల సందుల్లో తెల్లగా పాసి, దురద పెట్టి, తోలు ఊడుతుంటే అది చాలాసార్లు తామరే. దానికి మందు వేరు, గుంతలకు మందు వేరు. చూడకుండా ఎవరూ చెప్పలేరు.

లేచి రాబోతూ చెల్లె ఆగింది. "అమ్మా, నా బిడ్డకు అరచేతులు గూడ చెమటలు" అంది.

బిడ్డ తొమ్మిదో తరగతి. రాస్తుంటే నోటుబుక్కు తడుస్తుంది. సిరా అలుక్కుపోతుంది. చేతి కింద రుమాలు పెట్టుకుని రాస్తుంది. పరీక్ష రోజు ఇంకా ఎక్కువ. ఆటల్లో చేయి పట్టుకోమంటే వెనక్కి జరుగుతుంది. ఇదంతా పిల్ల భయం వల్ల అనుకున్నారు ఇంట్లో. "ధైర్యంగా ఉండు" అని చెబుతూ వచ్చారు.

డాక్టరమ్మ నాలుగు సంగతులు అడిగింది. ఎప్పటి నుంచి? రెండు చేతులా? నిద్రలో కూడా పడుతుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? చిన్నప్పటి నుంచి ఉంది. రెండు చేతులకూ, రెండు కాళ్లకూ ఉంది. నిద్రపోతే ఉండదు. తల్లికీ చిన్నప్పుడు ఉండేది. ఇది కొందరికి పుట్టుకతో వచ్చే తీరు అని డాక్టరమ్మ చెప్పింది. గ్రంథులు మామూలుగానే ఉంటాయి, వాటిని నడిపే నరాలు ఎక్కువ పని చేయిస్తాయి. భయం దాన్ని పెంచుతుంది గాని, పుట్టించదు. దీనికి మందు ఉంది. చీటీ రాసి ఉస్మానియా ఆసుపత్రికి పంపింది.

ఇద్దరూ పిల్లను తీసుకుని బస్సులో వెళ్లారు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు. ఆధార్ కార్డు చూపితే జీరో టికెట్టు ఇస్తారు. ఆసుపత్రి పెద్దది, జనం ఎక్కువ. ఎవరినీ అడగకుండా చెల్లె బోర్డులు చదువుకుంటూ ముందు నడిచింది. "చర్మ" అన్న మాట దగ్గర వేలు పెట్టి ఆగింది. అక్క వెనకాల వచ్చింది.

అక్కడ పిల్లకు అల్యూమినియం క్లోరైడ్ అనే మందు నీళ్లు రాశారు. రాత్రి పడుకునే ముందు బాగా పొడిగా ఉన్న చర్మానికి రాయాలి. పొద్దున కడిగేయాలి. తడి మీద రాస్తే మంట పుడుతుంది. మొదట రోజూ రాసి, తగ్గాక వారానికి ఒకటి రెండు రాత్రులు చాలు. దానితో తగ్గకపోతే ఇంకో పద్ధతి ఉంది. చేతులు, కాళ్లు నీళ్ల పళ్లెంలో ఉంచి చాలా తక్కువ కరెంటు పంపుతారు. షాకు కొట్టదు, చిమచిమలాడుతుంది. ఇరవై నిమిషాలు, వారానికి కొన్నిసార్లు. సూదులు కూడా ఉన్నాయి గాని ఖరీదు ఎక్కువ, పని చేసేది కొన్ని నెలలే.

ఒళ్లంతా కొత్తగా చెమటలు పట్టడం వేరు సంగతి. రాత్రి బట్టలు తడిసేలా చెమట, జ్వరం, దగ్గు, బరువు తగ్గడం, గుండె దడ ఉంటే అది కాళ్ల సమస్య కాదు. టీబీ, థైరాయిడ్ లాంటివి చూస్తారు. ఆలస్యం చేయకూడదు.

ఇక బూట్ల సంగతి. రెండో జత కొనడానికి చెల్లె దగ్గర డబ్బు లేదు. బూట్లు వేసుకోమన్నది కంపెనీ. పోచా నీళ్లు పడేది కంపెనీ పనిలో. మరి రెండో జత ఎవరివ్వాలి? చాయ్ దగ్గర ఈ మాట వచ్చింది. పన్నెండు మందిలో చదవను రాయను వచ్చింది చెల్లెకే. చెల్లె రెండు రాత్రులు కూర్చుని ఒక కాగితం రాసింది. ఇదీ ఆ కాగితం.

"సూపర్‌వైజర్ గారికి, నమస్కారం. మేము పన్నెండు మందిమి పోచా పని, బాత్‌రూముల పని చేస్తున్నాము. మాకు ఒక్క జత బూట్లు ఇచ్చారు. అవి రోజూ నీళ్లకు తడుస్తున్నాయి. తెల్లారేసరికి ఆరడం లేదు. తడి బూట్ల వల్ల కాళ్లు పాడవుతున్నాయి. ముగ్గురికి గుంతలు, పుండ్లు పడ్డాయి. ఒక్కొక్కరికి రెండో జత బూట్లు ఇప్పించగలరు. బాత్‌రూములు కడిగేవారికి రబ్బరు బూట్లు ఇప్పించగలరు. డాక్టరు చీటీ నకలు దీనికి జత చేశాము. ఇట్లు, మూడో అంతస్తు, రెండో అంతస్తు, ఒకటో అంతస్తు పనివారు."

కింద అయిదుగురు సంతకాలు చేశారు. ఏడుగురు వేలిముద్రలు వేశారు. ఆ ఏడుగురిలో ఇద్దరు "మాక్కూడ సంతకం నేర్పు" అన్నారు.

సూపర్‌వైజర్ కాగితం చదివి, "ఇది ఎవరు రాసిన్రు?" అని అడిగాడు. పది రోజులకు నాలుగు జతల రబ్బరు బూట్లు వచ్చాయి. రెండో జత బట్ట బూట్లు మాత్రం "వచ్చే నెల చూద్దాం" అన్నాడు. ఆ నెల వచ్చింది, పోయింది. చెల్లె ఇంకో కాగితం రాసింది. అంతవరకు పొడి ఊడ్పు పనికి పట్టీల చెప్పులు వేసుకోవచ్చని ఒప్పుకున్నాడు. రబ్బరు బూటు నీళ్లను లోపలికి రానివ్వదు, చెమటను బయటికి పోనివ్వదు. అందుకని కడిగే పని అయిపోగానే దాన్ని విప్పి బోర్లించాలి.

చెల్లె మళ్లీ చదువుల కేంద్రానికి వెళ్లింది. వాకిట్లో చెప్పులు విడిచి, జంపఖానా చివర కూర్చుంది. ముక్కు మూసుకున్న పెద్దామె లేచి వచ్చి పక్కన కూర్చుంది. చెల్లె ముడుచుకుంది.

"నీ కాళ్లకు ఏదో మందు వెట్టినవంట" అంది పెద్దామె.

"మందు తక్కువ, ఆరవెట్టుడు ఎక్కువ పెద్దమ్మా."

పెద్దామె చీర కాస్త పైకి జరిపి కాలు ముందుకు చాపింది. "నాకు షుగరున్నది. కండ్లు ఆనుతలేవు. సందులల్ల ఏమన్న ఉన్నదేమో జర చూడు."

చెల్లె పలక పక్కన పెట్టింది. ట్యూబులైటు కిందికి జరిగి, ఒక్కొక్క వేలూ విడదీసి చూసింది. చిటికెన వేలి సందులో తెల్లగా పాసి ఉంది.

"రేపు నాతోని దవాఖానకు రా" అంది.

మాట్లాడుకోండి: మీ ఇంట్లో బూట్లు వేసుకునేది ఎవరు? అవి రాత్రి ఎక్కడ ఉంటాయి?

రాయండి: మీరు పని చేసే చోట మీకు కావలసిన ఒక వస్తువు కోసం చెల్లె రాసినట్టు ఒక కాగితం రాయండి.